రిపేరు షెడ్డు నుంచి క్లెయిము తగాదా దాకా: సీమ కారు యజమానికి సమగ్ర మార్గదర్శి

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో సొంత కారు నడిపేవారికి చిక్కులు ఎక్కువగా రెండు చోట్ల ఎదురవుతాయి: మెకానిక్ షెడ్డులో, ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర. న్యాయం తన వైపే ఉన్నా, దాన్ని రుజువు చేసే కాగితం చేతిలో లేక యజమాని నష్టపోవడం ఈ రెండు చోట్లా మామూలే. అందువల్ల ఏ పని ముందు చేయాలి, ఏ కాగితం ఎప్పుడు తీసుకోవాలి అన్న విషయానికే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఇక్కడి వివరాలు సొంత అవసరాలకు వాడే ప్రైవేటు కార్లకు సంబంధించినవి. టాక్సీలకు, సరుకు బండ్లకు కొన్ని నిబంధనలు వేరుగా ఉంటాయి.

మొదట చేయవలసినది: పాలసీని చదవడం

ఫుల్ ఇన్సూరెన్స్ కట్టాం కాబట్టి బిల్లు మొత్తం కంపెనీయే భరిస్తుందన్న నమ్మకం నుంచే చాలా తగాదాలు పుడతాయి. పాలసీలో రెండు భాగాలుంటాయి. మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టాన్ని థర్డ్ పార్టీ భాగం చూసుకుంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం ఇది లేకుండా బండిని రోడ్డెక్కించకూడదు. మొదటిసారి పట్టుబడితే 2,000 రూపాయల జరిమానా గానీ, 3 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. మన కారుకే జరిగిన నష్టం ఓన్ డ్యామేజి భాగం కిందికి వస్తుంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు థర్డ్ పార్టీ భాగాన్ని ఒకేసారి 3 ఏళ్లకు ఇస్తున్నారు. ఓన్ డ్యామేజి భాగం ఏడాదికే ముగిసిపోయినా, మొదటి పేజీ మీద 3 ఏళ్ల తేదీ కనిపించేసరికి పాలసీ అంతా నడుస్తోందని పొరబడేవారు ఉన్నారు. రెండు భాగాల గడువు తేదీలూ పాలసీలో విడివిడిగా ఉంటాయి, రెండింటినీ చూసుకోవాలి.

తరువాత చూడవలసినది ఐడీవీ, అంటే కారు పూర్తిగా పోతే కంపెనీ చెల్లించే గరిష్ఠ మొత్తం. కారు ధరలో వయసును బట్టి తరుగు తీసివేసి దీన్ని లెక్కిస్తారు: 6 నెలల లోపు కారుకు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, అయిదేళ్ల లోపు 50 శాతం. ప్రీమియం వెయ్యి రూపాయలు తగ్గుతుందని ఏజెంటు ఐడీవీని బాగా తగ్గించి రాస్తే, ఆ లోటు కారు పోయిన రోజున లక్షల్లో తెలుస్తుంది. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కారును పూర్తి నష్టంగా పరిగణించి లెక్క తేలుస్తారు గనుక, అప్పుడు కూడా ఈ అంకెయే కీలకమవుతుంది.

రిపేరు క్లెయిములో విడిభాగాలకు వేరే తరుగు ఉంది. ప్లాస్టిక్, రబ్బరు, నైలాను భాగాలు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులకు 50 శాతం, ఫైబర్ గ్లాసు భాగాలకు 30 శాతం కోస్తారు. అద్దాలకు కోత ఉండదు. ఇనుప భాగాలకు కారు వయసును బట్టి కోత పెరుగుతూ పోతుంది: మొదటి 6 నెలలు ఏమీ ఉండదు, ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10, మూడేళ్ల లోపు 15, నాలుగేళ్ల లోపు 25, అయిదేళ్ల లోపు 35, పదేళ్ల లోపు 40, ఆపైన 50. పెయింటింగు ఖర్చులో 25 శాతాన్ని సామగ్రి విలువగా తీసుకుని, అందులో సగం కోస్తారు. వీటన్నిటి పైన 1500 సీసీ లోపు కార్లకు 1,000, ఆపై కార్లకు 2,000 రూపాయలు ప్రతి క్లెయిములో యజమాని తప్పనిసరిగా భరించాలి.

ఒక లెక్క చూద్దాం. మూడున్నరేళ్ల చిన్న కారుకు ప్రమాదం జరిగి పన్నులతో కలిపి 38,000 రూపాయల బిల్లు వచ్చిందనుకుందాం: బంపరు 6,000, డోరు 12,000, ముందు అద్దం 7,000, పెయింటింగు 8,000, కూలి 5,000. బంపరులో సగం, అంటే 3,000 పోతుంది. డోరుకు 25 శాతం చొప్పున మరో 3,000 పోతుంది. పెయింటింగులో 2,000 సామగ్రి కింద లెక్కించి, దానిలో సగం 1,000 కోస్తారు. అద్దానికి, కూలికి కోత లేదు. మొత్తం కోత 7,000, దానికి తోడు తప్పనిసరి వాటా 1,000. కంపెనీ ఇచ్చేది 30,000, మీ చేతి నుంచి పోయేది 8,000. కంపెనీ తన వాటాను నేరుగా షెడ్డుకే చెల్లించే క్యాష్‌లెస్ పద్ధతి అయినా ఈ 8,000 కట్టనిదే బండి బయటికి రాదు. నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ అన్యాయంగా కోశాడని గొడవకు దిగేముందు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకుంటే, ఎక్కువ సందర్భాల్లో గొడవ అవసరం ఉండదు. నిజంగా అన్యాయం జరిగి ఉంటే అది ఏ వరుసలో జరిగిందో వేలు పెట్టి చూపించవచ్చు.

భాగాల తరుగును తప్పించేది జీరో డిప్రిసియేషన్ అనే అదనపు కవరేజి. చాలా కంపెనీలు దీన్ని కారు వయసుకు, ఏడాదిలో చేసే క్లెయిముల సంఖ్యకు పరిమితి పెట్టి ఇస్తాయి గనుక ఆ పరిమితులు చదివి కొనాలి. కుందూ, హంద్రీ, బుగ్గవంక, నడిమివంక వంటి ప్రవాహాల దగ్గరి కాలనీల్లో ఉండేవారు ఇంజిన్ ప్రొటెక్షన్ అనే మరో అదనపు కవరేజి తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. దానికి కారణం తరువాత చెబుతాను. యజమానే నడిపేటప్పుడు వర్తించే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీలో ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ఎండకు, ఉప్పు నీళ్లకు, దుమ్ముకు పాడయ్యేవి

అనంతపురం, కర్నూలులో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు. ఆ వేడికి ముందుగా దెబ్బ తినేది బ్యాటరీ. పొద్దున స్టార్టు చేసేటప్పుడు మోటారు బరువుగా తిరుగుతుంటే కొత్త బ్యాటరీ కొనే ముందు మల్టీమీటరుతో చూపించాలి. రాత్రంతా నిలిచి ఉన్న బండిలో సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.4 వరకు కనిపించాలి. నడుస్తున్నప్పుడు కూడా 12 దగ్గరే ఉండిపోతే లోపం బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరులోనో, దాని బెల్టులోనో ఉండవచ్చు. కొత్త బ్యాటరీ వేసినా వారం తిరిగేసరికి అదే బాధ మళ్లీ వస్తుంది.

రేడియేటరు విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది బోరు నీరు. లవణాలు ఎక్కువగా ఉన్న ఆ నీటిని కూలెంటు బదులు పోస్తూ పోతే లోపలి సన్నని గొట్టాల్లో సున్నపు పొర పేరుకుని నీటి ప్రవాహం తగ్గిపోతుంది. తయారీదారు చెప్పిన కూలెంటును డిస్టిల్డ్ వాటరుతో చెప్పిన పాళ్లలో కలిపి మాత్రమే పోయాలి. దారిలో ఉష్ణోగ్రత ఎర్ర దీపం వెలిగితే, డోన్ ఇంకెంతో దూరం లేదు కదా అని నడపకుండా బండిని వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ ఆర్పాలి. వేడి తగ్గేదాకా రేడియేటరు మూత తీయకూడదు. దీపం వెలిగాక కూడా నడపడం వల్ల హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగంలోని సీలు) పోతే ఇన్సూరెన్స్ కూడా అక్కరకు రాదు. దెబ్బ తిన్న కారును అవసరమైన మరమ్మతు చేయకుండా నడిపితే, అందువల్ల పెరిగిన నష్టం పూర్తిగా యజమానిదేనని పాలసీ షరతుల్లో స్పష్టంగా ఉంది.

టైర్ల గాలి బండి నడవక ముందు, చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. 44వ నంబరు జాతీయ రహదారి మీద నడి వేసవిలో తక్కువ గాలితో వేగంగా పోతే టైరు పక్క గోడలు పదేపదే వంగి వేడెక్కి పగిలిపోతాయి. టైరు పక్కన ఉండే 4 అంకెలు దాని పుట్టిన తేదీని చెబుతాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చాలి. సెకండ్‌హ్యాండు కారు కొనేటప్పుడు స్టెప్నీ మీది అంకెలు కూడా చూడాలి.

గువ్వలచెరువు ఘాట్‌లోనో, నల్లమల ఘాట్ల లోనో దిగేటప్పుడు గేరు తగ్గించకుండా అదేపనిగా బ్రేకు తొక్కితే ప్యాడ్లు వేడెక్కి పట్టు వదులుతాయి. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట నేటి కార్లకూ పనికొస్తుంది. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల, సిమెంటు లారీల వెనుక తరచూ తిరిగేవారు ఎయిర్ ఫిల్టరును సర్వీసు పుస్తకంలో చెప్పిన దానికన్నా ముందే మార్చాలి. ఏసీ చల్లదనం తగ్గినప్పుడు ముందు కండెన్సరు మీది దుమ్ము కడిగించి, క్యాబిన్ ఫిల్టరు చూపించాలి. గ్యాసే తగ్గి ఉంటే, లీకు ఎక్కడుందో కనుక్కోకుండా గ్యాసు నింపించడం డబ్బు దండగ.

షెడ్డులో బండి వదిలేటప్పుడు

కంపెనీ వర్క్‌షాపు అయినా, చెట్టు కింది షెడ్డు అయినా బండి వదిలేముందు ఒక కాగితం పుట్టాలి. వర్క్‌షాపులో దాన్ని జాబ్ కార్డు అంటారు. చిన్న షెడ్డులో అది లేకపోతే మీరే వాట్సాప్‌లో సందేశం పంపి, ఆయన చేత సరేనని జవాబు పెట్టించుకుంటే చాలు. బండి నంబరు, కిలోమీటరు రీడింగు, ఇంధనం మట్టం, మీరు చెప్పిన లక్షణాలు, అంచనా ఖర్చు, ఇచ్చే తేదీ, అంచనా దాటితే మీ అనుమతి అడగాలన్న మాట అందులో ఉండాలి. లోపం పేరు మీరు చెప్పకండి, లక్షణం చెప్పండి. "క్లచ్ ప్లేటు మార్చండి" అంటే మారుస్తారు, బిల్లు వేస్తారు, లోపం మిగిలిపోయినా అడగడానికి ఉండదు. "మూడో గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ రొద పెరుగుతోంది గానీ వేగం రావడం లేదు" అని రాయిస్తే, ఆ లక్షణం పోయేదాకా బాధ్యత వారిదే అవుతుంది.

మార్చిన పాత భాగాలను తిరిగి అడిగి తీసుకోవాలి. కొత్త భాగాల పేరు, పార్టు నంబరు, కంపెనీ భాగమా బయటిదా అన్న వివరం, కూలి విడిగా ఉన్న జీఎస్టీ బిల్లు తీసుకోవాలి. బిల్లు లేకపోతే కొంత తగ్గిస్తామన్న బేరం మనకు కొత్త కాదు. దానికి ఒప్పుకుంటే రేపు ఆ భాగం వారంటీ అడగలేరు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడమూ కష్టమవుతుంది.

బిల్లు మీద తగాదా వచ్చినప్పుడు చాలామంది కోపంతో బండిని అక్కడే వదిలి వస్తారు. అది నష్టదాయకం. కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం వస్తువు మీద పని చేసినవాడికి తన కూలి వచ్చేదాకా ఆ వస్తువును అట్టిపెట్టుకునే హక్కు ఉంది. రోజులు గడిచేకొద్దీ పార్కింగు చార్జీల గొడవ కూడా తోడవుతుంది. బిల్లు మీదే "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి, సంతకం, తేదీ వేసి, ఫోటో తీసుకుని, బ్యాంకు ద్వారా చెల్లించి బండిని తెచ్చుకోవాలి. తరువాత మరో మెకానిక్ చేత పరీక్ష చేయించి ఆయన అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తీసుకుని, షెడ్డు యజమానికి నోటీసు పంపాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే తెలుగులోనూ ఫిర్యాదు తీసుకుంటారు. పెద్ద వర్క్‌షాపులతో వచ్చే చిన్న తగాదాలకు ఇది ముందుగా ప్రయత్నించదగిన మార్గం.

ప్రమాదం జరిగిన రోజు

ఎవరికైనా గాయమైతే అన్నిటికన్నా ముందు 108, తరువాత 112. జాతీయ రహదారి మీద 1033 కూడా పనిచేస్తుంది. గాయపడినవారికి వైద్య సహాయం అందేలా చూడడం, పోలీసులకు తెలపడం డ్రైవరు చట్టబద్ధమైన బాధ్యత. జనం మీదికి వస్తున్నారన్న భయంతో అక్కడి నుంచి వెళ్లిపోయినా 24 గంటల లోపు దగ్గరి స్టేషనులో తెలియజేయాలి. 2025లో కేంద్రం తెచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల మేర నగదు రహిత చికిత్సకు వీలుంది; ఆసుపత్రిలో ఈ సంగతి అడగాలి.

బండిని కదపకముందే నాలుగు వైపుల నుంచి, నంబరు ప్లేట్లు, రోడ్డు, దగ్గరి కిలోమీటరు రాయి కనిపించేలా ఫోటోలు, ఒక చిన్న వీడియో తీయాలి. ఎదుటి వాహనం నంబరు, పాలసీ వివరం, చూసినవారి ఫోన్ నంబర్లు రాసుకోవాలి. ఆ తరువాత మన ఊళ్లలో తప్పకుండా జరిగేది రోడ్డు పక్క పంచాయితీ. నలుగురు పెద్దమనుషులు చేరి ఇంత ఇచ్చి పొమ్మని తేలుస్తారు. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం గానీ, డబ్బు ఇస్తామని మాట ఇవ్వడం గానీ పాలసీ షరతుకు విరుద్ధం. గాయం లేని చిన్న గీతలకు మన డబ్బుతో రాజీ పడడం వేరు. గాయం ఉన్న చోట, ఎదుటివారి ఆస్తికి గట్టి నష్టం జరిగిన చోట పంచాయితీ డబ్బు ఇచ్చినా కేసు రాదన్న హామీ లేదు, ఇచ్చినదాన్ని కంపెనీ తిరిగి ఇవ్వదు. గాయం, మరణం, ఇతరుల ఆస్తి నష్టం, దొంగతనం ఉన్నప్పుడు ఎఫ్‌ఐఆర్ తప్పదు. ఒక్క మన కారుకే దెబ్బ తగిలితే కంపెనీ అడిగినదాన్ని బట్టి స్టేషన్ డైరీ నమోదు తీసుకుంటే సాధారణంగా సరిపోతుంది.

కంపెనీకి అదే రోజు తెలపాలి. టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి క్లెయిము నంబరు తీసుకుని, ఆ వెంటనే అదే సంగతిని ఈమెయిలులో తేదీ, సమయం, స్థలం, నడిపినవారి పేరు, జరిగిన తీరుతో రాసి పంపాలి. రాసేది నాలుగైదు వాక్యాలే కావాలి, అవన్నీ నిజమే కావాలి. డ్రైవరు పేరు మార్చి రాయమని సలహా ఇచ్చేవారు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. ఆసుపత్రి చీటీలో ఒక పేరు, క్లెయిము ఫారంలో మరో పేరు ఉంటే రావలసిన క్లెయిము కూడా పోతుంది. బండిని లాగించడానికి మామూలు పాలసీలో 1,500 రూపాయల వరకే వస్తుంది గనుక రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే దాన్నే వాడాలి.

క్లెయిము చేయాలా, చేతి డబ్బుతో కానివ్వాలా

క్లెయిము లేని ఏళ్లకు ఓన్ డ్యామేజి ప్రీమియంలో వచ్చే తగ్గింపు ఎన్‌సీబీ. ఇది వరుసగా 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒక్క క్లెయిముతో సున్నాకు పడిపోతుంది. మీ ఓన్ డ్యామేజి ప్రీమియం తగ్గింపుకు ముందు 10,000 అనుకుందాం. 50 శాతం దశలో ఉన్నవారు ఏటా 5,000 కడుతుంటారు. క్లెయిము చేస్తే తరువాతి ఏళ్లలో వరుసగా 10,000, 8,000, 7,500, 6,500, 5,500 కట్టి ఆరో ఏటికి మళ్లీ 5,000కు చేరతారు. అదనంగా పోయేది 12,500. అంటే కోతలన్నీ పోను కంపెనీ నుంచి చేతికి వచ్చేది 12,500 కన్నా తక్కువైతే క్లెయిము వల్ల లాభం లేదు. అదే ఎన్‌సీబీ ఇంకా మొదలు కాని మొదటి ఏడాది యజమానికి ఈ నష్టం 5,000 మాత్రమే. క్లెయిము చేసినా ఈ తగ్గింపును కాపాడే ఎన్‌సీబీ ప్రొటెక్షన్ కొన్నవారికి లెక్క మారుతుంది.

ఎన్‌సీబీ యజమానికి చెందినది, కారుకు కాదు. పాత కారు అమ్మి కొత్తది కొన్నప్పుడు మీతో పాటే తెచ్చుకోవచ్చు. పాలసీ ముగిసిన 90 రోజుల లోపు రెన్యువల్ చేయకపోతే అది పోతుంది. కిందటి ఏడాది క్లెయిము తీసుకుని కూడా, తీసుకోలేదని కొత్త కంపెనీకి చెప్పి తగ్గింపు పొందితే, తరువాతి క్లెయిమును తిరస్కరించడానికి ఆ ఒక్క అబద్ధమే కారణమవుతుంది. ఏజెంటు నింపిన రెన్యువల్ ఫారంలో ఈ గడి ఎలా నింపాడో మీరే చూడాలి.

సర్వేయర్‌తో వ్యవహరించడం

సర్వేయర్ చూడకముందు బండి విప్పకూడదు. 50,000 రూపాయలు, ఆపై మోటారు నష్టాలకు లైసెన్సు ఉన్న సర్వేయర్ అంచనా అవసరం. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ జారీ చేసిన ఆదేశాల ప్రకారం క్లెయిము తెలిపిన 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి, ఆయన 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం తీసుకోవాలి. సర్వేయర్ వచ్చే సమయానికి మీరు గానీ, విషయం తెలిసిన మీవారు గానీ అక్కడ ఉండాలి. ఏ భాగాన్ని మార్చాలంటున్నారు, ఏ భాగానికి టింకరింగు చాలంటున్నారు అన్నది ఆ రోజే అడిగి రాసుకోవాలి. బండి విప్పాక లోపల మరో దెబ్బ కనిపిస్తే పని ఆపించి, ఫోటో తీసి, అదనపు సర్వే కోరుతూ ఈమెయిలు పంపాలి. పని అయిపోయాక అడిగితే ఎవరూ వినరు.

సర్వే నివేదిక నకలు అడిగే హక్కు మీకుంది. అది చేతికి వస్తేనే కోత ఎక్కడ పడిందో తెలుస్తుంది. సర్వేయర్ నివేదిక ముఖ్యమైన ఆధారమే గానీ, అదే తుది మాట కాదని సుప్రీంకోర్టు 2009లో ప్రదీప్ కుమార్ కేసులో చెప్పింది. తక్కువ మొత్తానికి డిశ్చార్జి వోచరు (సొమ్ము ముట్టిందని ఇచ్చే రసీదు) మీద సంతకం చేసినంత మాత్రాన మిగతా మొత్తం అడిగే హక్కు పోదని ఐఆర్‌డీఏఐ 2015లోనే స్పష్టం చేసింది. అయినా సంతకం పక్కన "అభ్యంతరంతో" అని రాయడం మంచిది.

వంక నీళ్లలో చిక్కిన కారు

2009 అక్టోబరులో కర్నూలును తుంగభద్ర, హంద్రీ ముంచాయి. 2020 నవంబరులో నివర్ తుపాను వానలకు కడపలో బుగ్గవంక పొంగింది. 2022 అక్టోబరులో అనంతపురం కాలనీలు నీట మునిగాయి. కరువు సీమలో వరద క్లెయిము ఎందుకని అనుకోవడానికి వీల్లేదు. వరద నష్టం మామూలు ఓన్ డ్యామేజి పాలసీలోనే ఉంటుంది. అయితే మునిగిన కారును నీళ్లు దిగాక స్టార్టు చేయడానికి ప్రయత్నించడంతో చిక్కు మొదలవుతుంది. సిలిండరులోకి చేరిన నీరు గాలిలా నొక్కుకుపోదు. పిస్టన్ పైకి వచ్చేసరికి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, కొన్నిసార్లు బ్లాకే పగులుతుంది. ఆ నష్టం వరద వల్ల కాదు, స్టార్టు చేయడం వల్ల జరిగిందని కంపెనీ తిరస్కరిస్తుంది. ఇంజిన్ ప్రొటెక్షన్ కవరేజి అక్కరకు వచ్చేది ఇక్కడే.

కాబట్టి తాళం తిప్పకూడదు, బటన్ నొక్కకూడదు. కారు మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో కనిపించేలా ఫోటోలు తీసి, సురక్షితంగా ఉంటే బ్యాటరీ నెగటివ్ తీగ విప్పించి, బండిని ఎత్తించి తీసుకుపోవాలి. ఆటోమేటిక్, హైబ్రిడ్, విద్యుత్ కార్లను ఫ్లాట్‌బెడ్ (కారును పూర్తిగా పైకెక్కించుకునే లారీ) మీదే తరలించాలి. విద్యుత్ కారు హై వోల్టేజి భాగాలను మామూలు మెకానిక్ తాకకూడదు.

క్లెయిము తిరస్కరిస్తే

ఫోన్‌లో రాదని చెప్పినదాన్ని తిరస్కారంగా తీసుకోకూడదు. ఏ షరతు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా ఇవ్వమని ఈమెయిలు పంపాలి. ఆ ఉత్తరంలోని కారణమే తరువాతి పోరాటానికి ఆధారం.

మన ప్రాంతంలో తరచూ వినిపించే కారణం, సొంత కారును బాడుగకు తిప్పారన్నది. తిరుమల, శ్రీశైలం, మంత్రాలయం, అహోబిలం యాత్రలకు వైట్ బోర్డు (సొంత వాడకానికి రిజిస్టరైన) కార్లను బాడుగకు ఇవ్వడం అందరికీ తెలిసిన వ్యవహారమే. ఆ ప్రయాణంలో ప్రమాదం జరిగితే వినియోగ షరతు ఉల్లంఘన అంటారు. ఇలాంటి సందర్భంలో క్లెయిమును పూర్తిగా కొట్టేయకుండా నాన్ స్టాండర్డ్ పద్ధతిలో, అంటే కొంత తగ్గించి, చెల్లించాలని 2010లో అమలేందు సాహు కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. బంధువులకు ఉచితంగా ఇచ్చి ఉంటే ఆ సంగతినే స్పష్టంగా రాయాలి. బాడుగ అని రుజువు చేయవలసినది కంపెనీయే.

రెండవది ఆర్సీ మార్పిడి. పొరుగునే బళ్లారి, బెంగళూరు ఉన్నందువల్ల అనంతపురం వైపు కర్ణాటక నంబరు సెకండ్‌హ్యాండు కార్లు ఎక్కువ. కారు చేతులు మారాక థర్డ్ పార్టీ రక్షణ కొత్త యజమానికి దానంతట అదే వస్తుంది. సొంత కారు నష్టానికి మాత్రం పాలసీ తన పేరుకు మారి ఉండాలని 1996లో కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొన్నవారు 14 రోజుల లోపు కంపెనీకి దరఖాస్తు చేయాలి. అమ్మినవారికీ ఇందులో ప్రమాదముంది. ఆర్సీలో పేరు మారనంత కాలం యజమాని బాధ్యత పేరున్నవారిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చారు. పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు చేసి దళారీ చేతిలో పెట్టి మరచిపోతే, ఎక్కడో జరిగిన ప్రమాదానికి నోటీసు మీ గుమ్మానికి వస్తుంది. మార్పిడి పూర్తయిందని ఆన్‌లైనులో చూసుకునేదాకా పని ముగిసినట్టు కాదు.

దొంగతనం కేసుల్లో ఆలస్యంగా తెలిపారన్న సాకు ఎక్కువ. పోలీసు ఫిర్యాదు వెంటనే ఇచ్చి ఉంటే, కంపెనీకి చెప్పడంలో ఆలస్యమైనంత మాత్రాన నిజమైన క్లెయిమును తిరస్కరించకూడదని 2020లో గుర్షిందర్ సింగ్ కేసు తీర్పు. రెండు తాళం చెవులూ అడుగుతారు గనుక రెండవ చెవిని భద్రంగా ఉంచాలి. లైసెన్సు లేని వ్యక్తికి తెలిసి బండి ఇస్తే మాత్రం వాదనకు పెద్దగా చోటు ఉండదు. బాధితులకు చెల్లించిన సొమ్మును కంపెనీ మీ నుంచే రాబట్టుకోవచ్చు.

ఫిర్యాదు మెట్లు

ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి పాలసీ నంబరు, క్లెయిము నంబరు, తేదీల వరుస, అడుగుతున్న మొత్తం, దాని లెక్కతో ఒక పేజీ ఉత్తరం పంపాలి. దానితో పాటే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 నంబరులో గానీ నమోదు చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాది లోపు, బీమా ఫిర్యాదులను విచారించి తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు హైదరాబాదు కార్యాలయమే వర్తిస్తుంది. ఆన్‌లైను ఫిర్యాదుకు, వీడియో విచారణకు వీలుంది. ఫీజు లేదు, న్యాయవాది ఉండరు, 50 లక్షల రూపాయల వరకు తీర్పు ఇవ్వవచ్చు, ఆ తీర్పును కంపెనీ పాటించి తీరాలి. కోత ఎక్కువైందన్న తరహా లెక్కల తగాదాకు ఇదే సరైన చోటు. సాక్షులు, మానసిక వేదనకు పరిహారం, షెడ్డు నిర్లక్ష్యం వంటివి కలిసిన వ్యవహారమైతే జిల్లా వినియోగదారుల కమిషన్ మేలు. ఒకే విషయం మీద కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు గనుక ముందు ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోవాలి.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, అంటే కర్నూలులోనో, అనంతపురంలోనో, కడపలోనో, కంపెనీ కార్యాలయం ముంబైలో ఉన్నా కేసు వేయవచ్చు. గడువు 2 ఏళ్లు. చెల్లించిన ప్రీమియాన్ని బట్టి ఫీజు నిర్ణయిస్తారు. 5 లక్షల లోపు ఫీజు లేదు గనుక కారు పాలసీ కేసులకు ఖర్చు దాదాపు ఉండదు. కంపెనీ జవాబు ఇవ్వడానికి 30 రోజులు, అదనంగా 15 రోజులు మించి గడువు ఇవ్వరాదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతున్నా ఆచరణలో అంతకన్నా బాగా ఎక్కువ పడుతుందన్నది ముందే తెలుసుకుని దిగాలి. తీర్పు మీద 45 రోజుల లోపు రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. గెలిచాక కూడా డబ్బు రాకపోతే అదే కమిషన్‌లో 71, 72 సెక్షన్ల కింద అమలు పిటిషన్ వేయాలి. ఉత్తర్వు పాటించనివారికి నెల నుంచి 3 ఏళ్ల వరకు జైలు గానీ, 25,000 నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించే అధికారం కమిషన్‌కు ఉంది.